చిన్న సంఘములకు పెద్దదిక్కు

2025 నవంబరు 21వ తేది మొదలు మన దేశమున నూతన కార్మిక స్మృతులు నాలుగును అమలులోనికి వచ్చినవి. అందు పారిశ్రామిక సంబంధముల స్మృతియను దానిలో, యజమానితో మాటాడుటకు ఏ సంఘమునకు అధికారము కలదను విషయమై యొక లెక్క విధింపబడినది. ఒక కర్మాగారములోని పనివారిలో నూటికి 51 మంది యే సంఘమున నుందురో ఆ సంఘ మొక్కటియే సంప్రదింపులకు అర్హము. అట్టి సంఘము లేనిచో, నూటికి 20 మందికి తక్కువగాని బలముగల సంఘముల ప్రతినిధులు ఒక మండలిగా కూడి మాటాడవలెను. ఇరువదికి తగ్గినవారికి ఆ పంక్తిలో పీట లేదు.

ఈ యంకెల న్యాయాన్యాయములను గూర్చి పెద్ద సంఘముల నాయకులు వాదించుచునే యున్నారు. వారి వాదము వారు చేసికొనగలరు; వారికి కార్యాలయములు కలవు, న్యాయవాదులు కలరు, శాసనసభలలో మిత్రులు కలరు. మాకు విచారము కలిగించు ప్రశ్న వేరు. వేయిమంది పనిచేయు మిల్లులో బాయిలరు కడ నిలుచువారు నలువదిమంది యుందురు. వారి పని వేరు, వారి ప్రమాదము వేరు, వారి రాత్రిపాళి వేరు. వారొక చిన్న సంఘముగా కూడినచో శాసనము వారిని మాటాడనీయదు. పెద్ద సంఘమున చేరినచో వారి మాట వేయింటిలో ఇరువదియైదవ వంతు మాత్రమే. ఇట్టివారి గతి యేమి?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కార్మికసంఘములు పుట్టిన ఇంగ్లాండు దేశమున నూట యిరువదియైదేండ్లకు పైగా నిది చర్చింపబడుచునే యున్నది. దానికి సమాధానముగా ఏర్పడినదని చెప్పదగిన సంస్థ యొకటి నేటికిని అచట కలదు. దాని పేరు జనరల్ ఫెడరేషన్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్. మన పత్రికలలో ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెసు పేరు వినబడినంతగా దీని పేరు వినబడదు. ఆంగ్లేయుల సంస్థలను పొగడుట మనకు అలవాటు లేదు, అలవాటు కావలసిన పనియు లేదు. అయినను పొరుగువాని పెరటిలోని మంచి మొక్క అంటు తెచ్చుకొనుటకు అభిమానము అడ్డురాగూడదు. పైగా ఈ సంస్థ చరిత్రలో అనుసరింపదగినదెంత కలదో, జాగ్రత్తపడవలసినదియు నంత కలదు.

1897 జూలైలో లండను నగరమందలి ఇంజనీరింగు పనివారు దినమునకు ఎనిమిది గంటల పని కావలెనని యడిగిరి. వారి సంఘమగు అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ ఆ కాలమున దేశమందెల్ల ధనికమైన సంఘములలో నొకటి. కాని యజమానులు అంతకుముందు సంవత్సరమే తామొక సమాఖ్యగా కూడియుండిరి. వారు లండనులో మాత్రమేగాక దేశమంతటను కర్మాగారముల తలుపులు మూసివేసిరి. ఆరు మాసములకు పైగా ఆ పోరు సాగెను. సంఘము పెట్టె ఖాళీ యయ్యెను. ఇతర సంఘముల సహాయము వచ్చెను గాని అది ఇష్టాపూర్తిగా ఇచ్చిన దానమువలె వచ్చెనే కాని లెక్కప్రకారము రాలేదు. 1898 జనవరిలో పనివారు ఎనిమిది గంటల కోరికను వదలుకొని లోనికి పోవలసివచ్చెను.

ఇంత బలముగల సంఘమునకే యీ గతి పట్టినచో తక్కినవాని మాట యేమని కార్మికలోకము దిగులుపడెను. యజమానులు కూడిరి, పనివారు కూడలేదు. ఇంజనీర్ల యోటమికి వారి సొమ్ము తక్కువగుట కారణము కాదు, వారు ఒంటరులగుటయే కారణమని అందఱకును తోచెను. రాబర్టు బ్లాచ్‌ఫర్డు తన క్లారియన్ పత్రికలో దేశమందలి సంఘములన్నిటికిని ఒకే సమాఖ్య కావలెనని ఘోషించెను. ఆయన యూహించినంత విశాలమైన సమాఖ్యకు కాంగ్రెసు పెద్దలు సమ్మతింపలేదు గాని, ఊరకుండుటకును వీలులేకపోయెను. 1899 జనవరిలో మాంచెస్టరు నగరమున ప్రత్యేకముగా కూడిన ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెసు సభ ఈ సమాఖ్యను స్థాపించెను. గ్యాసు పనివారి సంఘమునకు చెందిన పీట్ కర్రన్ దీనికి మొదటి అధ్యక్షుడు. ఇంజనీర్ల సంఘమునకు చెందిన ఐజాక్ మిచెల్ మొదటి ప్రధానకార్యదర్శి.

ఏర్పాటు సులభమైనది. చేరిన ప్రతిసంఘమును తన సభ్యుల తలల లెక్కను చందా చెల్లించవలెను. ఆ చందాలన్నియు నొక నిధి యగును. ఏ సంఘమువారైనను సమ్మెలోనో లాకౌటులోనో చిక్కుకొన్నపుడు సమాఖ్య యా సమ్మె న్యాయమైనదని యంగీకరించినచో వారమువారము తలకింత యని ఆ నిధినుండి చెల్లించును. ఇది ధర్మము కాదు, హక్కు. మునుపు కష్టములోనున్న సంఘము తక్కినవారి గుమ్మముల యెదుట చేయి చాచవలసియుండెను. ఇపుడు తాను కట్టిన చందాను బట్టి తనకు రావలసినది అడుగవచ్చును. ఆత్మగౌరవముగల పనివానికి ఈ భేదము చిన్నది కాదు. దీనితోపాటు, తగవు ముదురకముందే పరిష్కరింప యత్నించుటయు సమాఖ్య విధులలో నొకటిగా పెట్టుకొనిరి. నిధిని కాపాడుకొనవలెనన్న సమ్మెలు తక్కువగా నుండవలెను గదా! ఈ గడుసుదనము కొందఱికి నచ్చలేదు. దానిని మరల చెప్పుదుము.

విచిత్రమేమన, పెద్ద సంఘముల యోటమిని చూచి ఏర్పడిన యీ సమాఖ్యలోనికి పెద్ద సంఘములు చాలవఱకు రాలేదు. గనిపనివారి సమాఖ్య దూరముగనే నిలిచెను. వచ్చిన పెద్దలలో ముఖ్యులగు ఇంజనీర్లు సైతము 1915లో వెడలిపోయిరి. కారణము లెక్కలో నున్నది. పరస్పర భీమాయందు బలవంతుడు చెల్లించుట యెక్కువ, పొందుట తక్కువ. మంచి జీతము, నిండుపెట్టె, దృఢమైన కట్టుబాటు గల సంఘముతో యజమాని సులభముగా తగవునకు రాడు. జీతము తక్కువై, సభ్యులు చెదరియున్న సంఘముతోనే పదేపదే తగవు వచ్చును. కావున వడ్రంగుల చందా బట్టల మిల్లు ఆడకూలీల సమ్మెకు పోవును. ఇది అన్యాయమని పెద్ద సంఘముల కోశాధికారులు గొణుగుకొనిరి. 1910 తరువాత సమ్మెలు దావానలమువలె వ్యాపించిన కాలమున నిధి కరగుచుండగా ఆ గొణుగుడు బిగ్గరయయ్యెను. వారి పద్దులు చూచినచో వారి మాట నిజమే. కాని కార్మికోద్యమము పద్దుల పుస్తకముతో పుట్టినది కాదు. బలవంతుడు బలహీనుని భారము కొంత మోయనిచో సంఘమను మాటకే యర్థము లేదు. ఈ యింగితము గనికార్మికులకు తెలియదనజాలము. తమలో తాము వారు పాటించినదానిని పొరుగువృత్తివాని విషయమున పాటింపలేకపోయిరి.

చిన్నవారికి మాత్రము అప్పటి యవసరము కన్నుల యెదుటనే యుండెను. 1901లో టాఫ్ వేల్ రైల్వే కంపెనీ దావాలో ప్రభువుల సభ తీర్పు చెప్పుచు, సమ్మెవలన కంపెనీకి కలిగిన నష్టమునకు సంఘపు నిధియే బాధ్యమని నిర్ణయించెను. రైల్వే పనివారి సంఘము 23,000 పౌనులు నష్టపరిహారముగా చెల్లించుకొనవలసివచ్చెను. 1906లో శాసనము మారువఱకును ఈ కత్తి ప్రతి సంఘము తలపైనను వ్రేలాడెను. రైల్వే సంఘము గనుక అంత సొమ్ము తట్టుకొనెను. మూడువందలమంది గల సంఘమైనచో ఒక్క నోటీసుతోనే మూతపడెడిది. ఈ దశలో సమాఖ్యయు, కాంగ్రెసు పార్లమెంటరీ సంఘమును, నూతనముగా పుట్టిన లేబరు ప్రాతినిధ్య సంఘమును కలిసి యొక ఉమ్మడి మండలిగా పనిచేసినవి. 1911 నాటి జాతీయ భీమా శాసనము వచ్చినపుడు, చిన్న సంఘముల సభ్యుల రోగభీమాను తామే నిర్వహించుటకై సమాఖ్యవారు ప్రభుత్వామోదము గల సొసైటీ నొకదానిని నెలకొల్పిరి. చిన్న సంఘము తనంతట తానట్టి పని చేయజాలదు. చేయనిచో సభ్యులు లాభార్జనకై వెలసిన భీమా కంపెనీల పాలగుదురు.

సమాఖ్యలో చేరిన సంఘములలో మేరీ మెకార్థర్ 1906లో స్థాపించిన స్త్రీ కార్మికుల జాతీయసమాఖ్య యొకటి. పురుషుల సంఘములు చేర్చుకొనని స్త్రీలకును, సంఘమే లేని వృత్తులలోని స్త్రీలకును అది యిల్లు. 1910లో క్రాడ్లీ హీత్ యను గ్రామమున చిన్న గొలుసులు చేయు స్త్రీలు, తమ యిండ్ల పెరళ్లలోని కొలుముల కడ బిడ్డలను ప్రక్కన పెట్టుకొని సుత్తులు మోపువారు, తమ హక్కుకై నిలిచిరి. ప్రభుత్వపు వేతనమండలి గంటకు రెండున్నర పెన్నీలు కనీస వేతనమని నిర్ణయించెను. చాలమందికి అది అంతకు ముందటి కూలికి ఇంచుమించు రెట్టింపు. యజమానులు ఆ రేటు వలదని ఆ స్త్రీలచేతనే కాగితములపై సంతకములు చేయింపజూచిరి. చదువురాని వారిచేత తమ నోటిలోని ముద్దను తామే వదలుకొన్నట్లు వ్రాయించుకొను ఈ విద్య మన దేశపు షావుకార్లకును క్రొత్తది కాదు. పదివారముల పోరాటము తరువాత యజమానులందఱును క్రొత్త రేటునకు ఒప్పుకొనిరి. ఈ పోరును ముఖ్యముగా నిలిపినది ప్రజలు పంపిన చందాలు. వసూలైన దాదాపు 4,000 పౌనులలో మిగిలిన దానితో 1912లో అచట కార్మికభవనము కట్టిరి. సమాఖ్య నిధి యొక్కటియే సర్వమును సాధించినదని మేము చెప్పుట లేదు. ఒంటరి యాడుకూలీకి తన వెనుక ఒక సంఘము, ఆ సంఘము వెనుక ఒక సమాఖ్య కలదను ధైర్యము, ఆమె కాగితముపై సంతకము చేయక నిలుచుటకు కొంత యూతయైనదని మాత్రము చెప్పుచున్నాము.

ఈ సమాఖ్య పేరు విన్నంతనే అధికారులు ఎంత బెదిరిరో తెలిసికొనుటకు ఫుట్‌బాలు ఆటగాండ్ర కథ చూడవలెను. ఆటగాండ్రకు సంఘమేమని నవ్వువారుందురు. ఆ కాలమున ఆ యాట నాడించు క్లబ్బులు వేలకొలది జనమును రప్పించి టిక్కెట్లపై సొమ్ము రాబట్టుచుండెను. ఆటగానికి మాత్రము 1901 మొదలు వారమునకు 4 పౌనులకు మించి యీయరాదని నిబంధన. క్లబ్బు సమ్మతి లేనిదే మఱియొక క్లబ్బునకు పోరాదు. 1907లో మాంచెస్టరున బిల్లీ మెరెడిత్ మొదలగువారు సంఘము పెట్టిరి. గాయపడిన ఆటగాండ్రకు పరిహారమును కోర్టులలో అడుగుట మొదలుపెట్టిరి. అంతవఱకు ఆటల పెద్దలు సహించిరి. ఆ సంఘము ఈ సమాఖ్యలో చేరబోవుచున్నదని తెలియగనే 1909లో ఫుట్‌బాల్ అసోసియేషను మండిపడెను. బొగ్గుగనివారు సమ్మె కట్టినపుడు ఆటగాండ్రును మైదానము విడిచి పోదురేమోయని వారి భయము! సంఘమును విడిచినట్లు సంతకము చేయనివానికి ఇక ఆట లేదని యాజ్ఞ యిచ్చిరి.

దేశమంతటను చాలమంది లొంగిపోయిరి. ఆ యేటనే జాతీయకప్పు గెలిచిన మాంచెస్టరు యునైటెడ్ జట్టువారు లొంగలేదు. జీతము నిలిచిపోయినను, మైదానమునకు రానీయకున్నను, వారు వేఱొకచోట సాధన చేసికొనుచు, 'వెలివేయబడినవారు' అని తమకు తామే పేరు పెట్టుకొని ఫొటో తీయించుకొనిరి. ఋతువు మొదలగుటకు ముందుదినమగు ఆగస్టు 31న రాజీ కుదిరి సంఘమునకు గుర్తింపు వచ్చెను. కాని సమాఖ్యలో చేరు ప్రస్తావనను ఆటగాండ్రు తరువాత తామే ఓటు వేసి విరమించుకొనిరి. గుర్తింపునకు అది వెల. ఈ వెల చెల్లించుట తప్పా యొప్పా యని నేటికిని వాదింపవచ్చును. జీతపు హద్దు మాత్రము 1961 వఱకును తొలగలేదు. ఒంటరిగా నున్న సంఘము హక్కులు సంపాదింపలేదని కాదు; అర్ధశతాబ్ది పట్టుననియే మా భావము.

ఇక సమాఖ్య దోషములు. 1907 నుండి 1938 వఱకు ముప్పది యేండ్లకు మించి దీని ప్రధానకార్యదర్శిగా నుండిన విలియం ఆపిల్టన్, లేసు అల్లువారి సంఘమునుండి వచ్చిన సమర్థుడు, కాని పట్టుదలగల పాతకాలపువాడు. లేబరు పార్టీవారితో ఆయనకు పొసగలేదు. 1914-18 యుద్ధకాలమున సమాఖ్యకును కాంగ్రెసుకును వైరము ముదిరెను. ఉమ్మడి మండలినుండి సమాఖ్య తొలగింపబడెను. విదేశములలో బ్రిటిషు కార్మికులకు ప్రతినిధిగా నిలిచిన గౌరవము మొదట ఈ సమాఖ్యదే. 1919లో ఆమ్‌స్టర్‌డామున పునర్నిర్మింపబడిన అంతర్జాతీయ ట్రేడ్ యూనియన్ సమాఖ్యకు ఆపిల్టనే యధ్యక్షుడుగా నెన్నికయ్యెను. మరుసటి యేడే ఆ పదవి విడువవలసివచ్చెను. కాంగ్రెసు 1921లో తన జనరల్ కౌన్సిలును ఏర్పరచుకొని, అంతవఱకు సమాఖ్య చేయుచుండిన పెద్దపనులన్నిటిని తానే గ్రహించెను. నిధిని కాపాడుకొను గడుసుదనము ఆపిల్టనుగారి చేతిలో ప్రతి సమ్మెను అనుమానించు పిసినారితనముగా మారెనని ఆయన విరోధులన్నమాటలో సత్యము లేకపోలేదు. పెట్టెకు కావలి కూర్చున్నవాడు, పెట్టె యెందులకున్నదో మఱచుట మానవస్వభావము.

ఇచటితో దీని కథ ముగియవలసినది. కాని ముగియలేదు. పెద్దలు పోయినను చిన్నవారు మిగిలిరి. ఎంత చిన్నవారన, నూలుమిల్లుల దువ్వెనయంత్రములకు ఇనుపముండ్ల పట్టీలు అమర్చు యంత్రములు నడుపువారి సంఘము. మగ్గపు నాడెలు చేయువారి సంఘము. తివాచీ నేతవారి సంఘములు. షెఫీల్డులో గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు కత్తెరలు చేయువారి సంఘమొకటి యుండెను. దాని తుది దినములలో సభ్యులు ఇరువదిమందికి మించలేదు. ఇరువదిమంది! మన యూరిలో భజనసమాజమునకు అంతకంటె నెక్కువమంది యుందురు. అయినను ఆ కత్తెరకు పదునుపెట్టు నేర్పు, ఆ రాతిధూళి ఊపిరితిత్తులకు చేయు హాని, ఒక్కొక్క కత్తెరకు కట్టవలసిన కూలి రేటు వారికి తప్ప వేఱొకరికి తెలియదు. లక్షలమంది గల సంఘపు కార్యదర్శి యెంత బుద్ధిమంతుడైనను ఆ రేటును గూర్చి యజమానితో వాదింపలేడు.

ఇట్టి సంఘమునకు కావలసినదేమి? సమ్మెనిధి యొక్కటియే కాదు. దాని కార్యదర్శి పగలు పనిచేసి రాత్రి వంటయింటి బల్లపై లెక్కలు వ్రాయువాడు. అతనికి ప్రభుత్వమునకు పంపవలసిన వార్షిక నివేదిక యెట్లు వ్రాయవలెనో తెలియవలెను. యజమాని నష్టము వచ్చినదని ఆస్తి అప్పుల పట్టిక చూపినపుడు అందలి గుట్టు విప్పగల వాడొకడు వెనుక నుండవలెను. పొరుగు మిల్లులో ఏమి రేటు ఇచ్చుచున్నారో తెలియవలెను. సభ్యునకు వ్రేలు తెగినపుడు న్యాయవాది కావలెను. వీనిలో ఏ ఒక్కదానికిని విడిగా జీతమిచ్చి మనిషిని పెట్టుకొను శక్తి అతని సంఘమునకు లేదు. అట్టి సంఘములు పదులకొలది కూడినచో కలదు. సమాఖ్య క్రమక్రమముగా సమ్మెనిధి యనుదానినుండి మారి, ఇట్టి యుమ్మడి కార్యాలయమైనది.

విద్యయే దానిలో ప్రధానము. 1971లో సమాఖ్యవారు విద్యాధర్మనిధి నొకదానిని ప్రత్యేకముగా నెలకొల్పిరి. చేరిన సంఘముల ప్రతినిధులను కొన్నిదినములు ఒకచోట నుంచి, సంప్రదింపు జరుపుట, పద్దులు చదువుట, శాసనము తెలిసికొనుట, సభ నడుపుట, మాటాడుట నేర్పిరి. 1974లో పనిచోట ఆరోగ్యభద్రతలకు శాసనము వచ్చెను. 1977 నాటి నిబంధనలు సంఘముచే నియమింపబడిన భద్రతాప్రతినిధులకు జీతముతోనే శిక్షణకు పోవు హక్కు నిచ్చినవి. హక్కు వచ్చినను పాఠశాల లేనిచో ఏమి లాభము? పెద్ద సంఘములకు తమ కళాశాలలు కలవు. చిన్నవారికి సమాఖ్య పాఠశాలయే గతి. ఇటీవలి కాలమున లీస్టర్‌షైరులోని క్వార్న్ గ్రామమందొక వసతిగృహమును కొని తరగతులచట నడిపిరి. ఒక పూట తరగతికి వచ్చిన రొట్టెల కార్ఖానా పనివాడు, ప్రక్కనే కూర్చున్న చెఱసాల యుద్యోగికిని, లారీ నడుపువానికిని తన కష్టము చెప్పుకొనును. వృత్తులు వేరైనను యజమాని యుపాయములు ఒక్కటియే యని వారప్పుడు గ్రహింతురు. ఇది పాఠ్యక్రమములో వ్రాయబడని పాఠము.

ఇట్టి చిన్న సంఘములు పెద్దవానిలో విలీనము కారాదా యని యడుగవచ్చును. అయినవి కూడ. అల్లిక, పాదరక్షల పనివారి సంఘము 2004లో ఉక్కుపనివారితో కలిసి కమ్యూనిటీ యను సంఘమైనది. నాడెలవారును తివాచీలవారును తమ పరిశ్రమలతోపాటే చాలవఱకు అంతరించిరి. విలీనము ఎల్లపుడును చెడ్డది కాదు. కాని విలీనమనగా చిన్నచేప పెద్దచేప కడుపులో ప్రవేశించుటయే యైనచో దానికి మన పెద్దలు పెట్టిన పేరు మాత్స్యన్యాయము. సమాఖ్యలో చేరినవాడు తన పేరు, తన నియమావళి, తన పెట్టె, తన నాయకుని ఎన్నిక నిలుపుకొనును; చందా మేరకు సేవ పొందును; ఇష్టము లేనపుడు వెడలిపోవును. ఇంజనీర్లు వెడలిపోలేదా?

ఇంతకంటె గట్టి యాక్షేపణ మన దేశమునుండియే వచ్చును. మన కర్మాగారములలో చిన్న సంఘములు తక్కువై కాదు, ఎక్కువయ్యే పనివారు చెడుచున్నారని యనుభవజ్ఞులందురు. ఒకే ఖాతాలో ఒకే పని చేయు రెండువందలమందికి నాలుగు జెండాలు, నలుగురు నాయకులు, నాలుగు నోటీసుబోర్డులు. యజమాని ఒకనికి టీ పోసి వేఱొకనికి తలుపు వేయును. ఇది నిజము. దీనిని మేము సమర్థింపము. కాని చిన్నతనములో రెండు జాతులు కలవని గ్రహింపవలెను. పనియే వేఱగుటచేత చిన్నదైన సంఘము ఒకటి; నాయకుడు వేఱగుటచేత చిన్నదైన సంఘము మఱియొకటి. మొదటిది వ్రేలివంటిది, రెండవది చీలికవంటిది. బ్రిటిషు సమాఖ్య నిలిచినదనగా అందు చేరినవారు ఒకరి సభ్యుల నొకరు లాగుకొను ప్రత్యర్థులు కారు. కత్తెరలవానికి తివాచీవానితో పోటీ యేమున్నది? ఈ భేదమును మన నూతన స్మృతి గుర్తింపదు. నూటికి 51 అను జల్లెడలో వ్రేలును చీలికయు నొక్కటిగనే జాఱిపోవును. చీలికలను అణచుటకు తెచ్చిన కొలత వ్రేళ్లనుకూడ నఱకుచున్నది.

ఈ యాలోచన మనకు పరాయిది కాదు. 1918లో పుట్టిన మదరాసు లేబర్ యూనియన్ నాయకులగు శ్రీ బి. పి. వాడియా ప్రభృతులపై బిన్నీ కంపెనీవారు హైకోర్టునకెక్కి ఉత్తరువు తెచ్చినది, టాఫ్ వేల్ కథకు మనదేశపు ప్రతిబింబమే. ఆ దెబ్బనుండియే శ్రీ ఎన్. ఎం. జోషి కృషి మొదలై 1926 నాటి ట్రేడ్ యూనియన్ శాసనము వచ్చెను. ఏడుగురు కలిసినను సంఘమును నమోదు చేయించుకొనవచ్చునని ఆ శాసనము మొదట చెప్పెను; 2001లో దానిని సవరించి నూటికి పదిమందియైనను లేక నూరుగురైనను కావలెనని కట్టడి చేసిరి. 1920లో గాంధిమహాత్ముని ప్రోత్సాహమున అనసూయాబెన్ సారాభాయి నాయకత్వమున వెలసిన అహమ్మదాబాదు మజూర్ మహాజన్ ఒక సంఘము కాదు, సమాఖ్య. వడుకు ఖాతావారికొక సంఘము, దువ్వెన ఖాతావారికొక సంఘము, ఇంజను నడుపువారికి, కొలుమి వేయువారికి వేఱొకటి. అందఱకును కలిపి యొక కార్యాలయము, బడులు, వైద్యశాల. వృత్తిభేదమును చెరపకయే బలము కూర్పవచ్చునని మనవారే చేసి చూపిరి. మన వరాహగిరి వేంకటగిరిగారు బెంగాలు నాగపూరు రైల్వే పనివారి నాయకుడై, 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షుడై, తరువాత కేంద్ర కార్మికమంత్రియై కోరినదొక్కటియే: తగవులను కోర్టులకు విడువక పనివారును యజమానులును ఎదురెదురుగా కూర్చుండి తీర్చుకొనవలెను. 1954లో బ్యాంకు తీర్పు విషయమున మంత్రిపదవినే వదలుకొనిరి. ఎదురుగా కూర్చుండుటకు రెండు పక్షములకును తెలివి కావలెను. యజమాని పక్షమున నలుగురు లెక్కల నిపుణులును, పనివారి పక్షమున ఒక యమాయకుడును కూర్చున్నచో అది సంప్రదింపు కాదు.

నేడు మన కేంద్రసంఘములు చిన్నవారికి ఈ సేవ చేయుట లేదాయని యడుగుదురు. చేయుచున్నవి, కాని జెండా చూచి చేయుచున్నవి. సింగరేణి గనులలో 1998 నుండి రహస్య వోటుచే గుర్తింపు సంఘము నెన్నుకొను పద్ధతి కలదు. 2023 డిసెంబరు 27 నాటి యెన్నికలో ఏ.ఐ.టి.యు.సి. గెలిచినది. ఆ గెలుపు న్యాయమైనదే. గెలిచినవారు గనులలోని చిన్న వృత్తులవారి మాట విందురనియే మా యాశ. విననిచో వారికి వేఱు గుమ్మము లేకపోవుటయే మా యభ్యంతరము. వీధులలో యాప్‌ల పేర ద్విచక్రములపై అన్నము మోయు కుఱ్ఱవాండ్రు, బీడీలు చుట్టు స్త్రీలు, మార్కెట్టు యార్డుల హమాలీలు, చేనేతకు అద్దకమువారు: వీరిలో పలువురకు యజమాని యెవడో కూడ తేటతెల్లముగా తెలియదు. వీరిని నూటికి 51 లెక్కలో నిలుపు కర్మాగారమే లేదు.

కావున మేము కోరునది పెద్ద పని కాదు. విజయవాడలో నొకటి, విశాఖపట్టణమున నొకటి, హైదరాబాదున నొకటి, ఏ పార్టీ బోర్డును లేని కార్యాలయము. వృత్తిచేత చిన్నవైన సంఘములకే ప్రవేశము. ఒకే పనివారికి రెండవ సంఘము పెట్టినవారికి తలుపు మూయవలెను. తలకింత యని చందా. అందు లెక్కలు వ్రాయు గుమాస్తా యొకడు, శాసనము తెలిసిన న్యాయవాది యొకడు, ఆదివారము నడచు తరగతి యొకటి. సంవత్సరాంతమున రిజిస్ట్రారునకు పంపవలసిన నివేదిక పంపకపోవుటచేత నమోదు రద్దయ్యెడి సంఘములకు ముందుగా ఆ గుమాస్తాయే రక్ష. సమ్మెనిధి తరువాత చూచుకొనవచ్చును; ఇంగ్లాండువారు దానితో మొదలుపెట్టి తరగతికి వచ్చిరి, మనము తరగతితో మొదలుపెట్టవచ్చును. కార్యాలయమునకు ఆపిల్టనువంటి శాశ్వత కార్యదర్శిని మాత్రము పెట్టుకొనవలదు. మూడేండ్లకొకమారు మార్చు నియమమును మొదటి పుటలోనే వ్రాసికొనవలెను. గది యద్దెకును గుమాస్తా జీతమునకును ఏ మేరకు చందా కావలెనో ఆయా పట్టణముల సంఘముల కార్యదర్శులు ఒక సాయంకాలము కూర్చుండి తేల్చవలసినది మిగిలియున్నది.